వాచ్‌మన్ జీతం కోతపడకుండా చేపలు కొనడం ఎలా?

ప్రశ్న

నమస్కారమండీ. విశాఖ మధురవాడలో ఒక అపార్ట్‌మెంటులో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. స్టిల్ట్ పార్కింగు మీద అయిదంతస్తులు, నలభై ఫ్లాట్లు. మావారు రుషికొండ ఐటీ హిల్‌లో చేస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. వారానికి రెండు రోజులు మత్స్యకారులుండే జాలారిపేట నుంచి ఒకావిడ చేపల తట్టతో వచ్చేది. గుమ్మం దగ్గరకే తెచ్చి, అక్కడే కోసి ఇచ్చేది. ఓ రోజు మెట్ల మీద చేపల నీళ్లు కారాయని పెద్ద గొడవైంది. తర్వాత అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు మూడు రూల్స్ పెట్టారు. బయట అమ్ముకునేవాళ్లెవరూ గేటు దాటి రాకూడదు. పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదు. పనమ్మాయిలకు ఇప్పుడిస్తున్న రేటు మించి ఎవరూ ఇవ్వకూడదు. ఒప్పుకున్నవాళ్లు బొటనవేలి బొమ్మ పెట్టమన్నారు. చాలామంది పెట్టేశారు, నేను పెట్టలేదు. పోయిన శనివారం ఆవిడ గేటు బయట నిలబడి "ఏటి తల్లీ, నానేటి సేసినానని రావద్దంటన్నారు?" అంటే ఉండబట్టలేక నేనే లోపలికి రమ్మన్నాను. గేటు తీసినందుకు వాచ్‌మన్ జీతంలో 500 రూపాయలు కోశారట.

మరోపక్క పది నిమిషాల్లో సరుకులు తెచ్చే కుర్రాళ్లు గుమ్మం దాకా వస్తూనే ఉన్నారు. ఆ యాప్ నేనూ వాడతాను. ఆర్గానిక్ షాపులో రెట్టింపు ధర పెట్టి కూరగాయలు కొని, ఏదో మంచిపని చేస్తున్నాననుకుంటాను. ఇలాంటిదాన్ని చేపలావిడ తరఫున మాట్లాడితే నటనలా ఉండదా? మావారేమో "అద్దెకున్నవాళ్లకి ఇవన్నీ ఎందుకు, ఓనరు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికెళ్తాం" అంటారు. వచ్చే నెల జనరల్ బాడీ మీటింగు ఉంది. నేనేం చెయ్యాలి?

ఓ పాఠకురాలు, మధురవాడ

సమాధానం

అమ్మా,

మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన దగ్గర మొదలుపెడతాను. ఆ 500 రూపాయలు. పిలిచింది మీరు, వచ్చింది ఆవిడ, కోతపడింది గేటు తీసినతనికి. అతని ఇంటికి ఆ రోజు చేప ముక్క కూడా వెళ్లి ఉండదు. కాబట్టి ముందు ఆ డబ్బు అతని చేతికి ఇవ్వండి. పండగ మామూలు ఇచ్చినట్టు కాకుండా, "నా వల్ల పోయింది, ఇది నీదే" అని చెప్పి మరీ ఇవ్వండి. తర్వాత సెక్రటరీగారికి ఒక మెసేజ్ పెట్టండి, గ్రూపులో కాదు, ఆయన నంబరుకే: "శనివారం ఆవిడను లోపలికి పిలిచింది నేను. వాచ్‌మన్ తప్పు లేదు. ఇకమీద ఇలాంటిదేదైనా ఉంటే నన్ను అడగండి."

మన ఊళ్లో వాచ్‌మన్‌లు చాలామంది విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లు. మెట్ల కిందో, పార్కింగు మూలో ఒక గది ఇస్తారు. భార్య అదే బిల్డింగులో నాలుగిళ్లలో పని చేస్తుంది. ఉద్యోగం పోయిందంటే దాంతోపాటే ఇల్లు పోతుంది, ఆవిడ పని పోతుంది, పిల్లల స్కూలు మారుతుంది. అలాంటి మనిషి మీకు "కాదమ్మా" అని చెప్పలేడు, సెక్రటరీగారికీ చెప్పలేడు. మీరు జాలిపడే రమ్మన్నారు, సందేహం లేదు, కానీ ఆ జాలికి బిల్లు అతని పేరున వచ్చింది. రూలు మారేదాకా ఆవిడను లోపలికి పిలవకండి. గిన్నె పట్టుకుని మీరే గేటు బయటికి వెళ్లండి.

ఇక రూల్స్ సంగతి. వీళ్లకు అసలు ఇలాంటివి పెట్టే హక్కే లేదని నేను చెబుతానని మీరు ఆశపడుతున్నట్టుంది. గేటు లోపల ఆ హక్కు ఉంది. మన రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. ఫ్లాటు కొన్న ప్రతివాళ్లకీ మెట్లు, లిఫ్టు, పార్కింగు, ఖాళీ స్థలం అన్నిట్లో విడదీయరాని వాటా ఉంటుంది, ఆ ఉమ్మడి స్థలాలను ఎలా వాడుకోవాలో బైలా ప్రకారం అసోసియేషనే చూస్తుంది. అమ్ముకునేవాళ్లను కాంపౌండులోకి రానివ్వం అంటే అది వాళ్ల అధికారంలో ఉన్న పనే.

అయితే ఆ అధికారానికి ఓ పద్ధతి ఉంది. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మలు లెక్కపెడితే తీర్మానం అయిపోదు. సభ్యులకు ముందుగా నోటీసు వెళ్లాలి, ఎజెండాలో రావాలి, కోరం ఉండాలి, మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. మీ బైలాలో ఇవన్నీ రాసే ఉంటాయి. రాష్ట్రంలో అసోసియేషన్లు చాలావరకు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే, రిజిస్ట్రేషన్ అప్పుడు బైలా దాఖలు చేసే ఉంటారు. మీ ఓనరును ఓ కాపీ అడగండి. జనరల్ బాడీ ఇంకా జరగలేదు కాబట్టి ఇప్పటికి ఆ మూడూ సెక్రటరీగారి కోరికలే. ఇంకా పుట్టని రూలు పేరు చెప్పి వాచ్‌మన్ జీతం కోశారన్నమాట. ఈ ఒక్క ముక్క మీటింగులో నెమ్మదిగా, గొంతు పెంచకుండా అనండి చాలు.

గేటు బయట రోడ్డు మాత్రం వాళ్లది కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, లోపలికి వద్దన్న చోటల్లా తర్వాతి అడుగు "గోడ పక్కన కూడా కూర్చోకూడదు" అనడమే. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మేవాళ్లకూ అది వర్తిస్తుంది. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో చూడాల్సింది నగరపాలక సంస్థ, దానికి తోడు టౌన్ వెండింగ్ కమిటీ. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఒకచోటు నుంచి లేపాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. అపార్ట్‌మెంటు సెక్రటరీకి ఇందులో ఏ పాత్రా లేదు. అయితే ఈ చట్టాన్ని ముందే బయటికి తీసి ఝళిపించకండి. ఇరుగుపొరుగుతో చట్టం మాట్లాడితే ఇక మిగతా ఏదీ మాట్లాడ్డం కుదరదు. అవసరం పడితే ఉంటుందని మనసులో పెట్టుకోండి.

మెట్ల మీద నీళ్లు కారాయన్న ఫిర్యాదును కొట్టిపారెయ్యకండి. అది నిజం. వైజాగ్ ఎండలో చేపల నీళ్లు మెట్ల మీద ఎండితే సాయంత్రానికి ఆ వాసన అయిదంతస్తులూ ఎక్కుతుంది, చీమలు పడతాయి, పిల్లులు చేరతాయి. కడగాల్సింది కూడా వాచ్‌మన్ భార్యే. మాంసం ముట్టని ఇళ్లవాళ్లకు గుమ్మం ముందు పొలుసులు కనబడితే కష్టంగానే ఉంటుంది, ఆ కష్టం దొంగ కష్టం కాదు.

దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. యాప్‌లో ప్లాస్టిక్ డబ్బాలో వచ్చిన వంజరం ముక్కలు అదే బిల్డింగులో వేపుడవుతుంటే ఎవరూ గ్రూపులో రాయరు. వాసన అదే. తేడా అల్లా, ఈ చేప జాలారి ఇంటి మనిషి నెత్తి మీద వచ్చింది. ఇందులో శుభ్రత ఎంత, కులం ఎంత అన్నది బిల్డింగును బట్టి ఉంటుంది, మీ బిల్డింగు పాళ్లు మీకే తెలియాలి. మీటింగులో మాత్రం ముందు శుభ్రత గురించే మాట్లాడండి. కులం మాట ఎత్తగానే అందరూ నొచ్చుకున్నట్టు ముఖాలు పెట్టి, అసలు విషయం వదిలేసి "మమ్మల్ని అంత మాటంటారా" అన్నదాని మీదికి పోతారు. శుభ్రతకు మీరు పూర్తి ఏర్పాటు చూపించారనుకోండి, అప్పుడు కూడా వద్దన్నవాళ్లు ఎందుకు వద్దంటున్నారో మీరు చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది.

ఏర్పాటు కష్టమైనది కాదు. ఆవిడ మెట్లెక్కక్కర్లేదు. పార్కింగు వెనకాల సంపు దగ్గరో, మోటారు గది దగ్గరో ఓ కుళాయి, పక్కన డ్రైనేజీ ఉంటాయి కదా, అక్కడ ఒక బండ వేస్తే చాలు. వారానికి రెండు రోజులు, ఉదయం ఓ గంటన్నర. చెత్తబండి వచ్చేలోపు అయిపోయేలా టైము పెట్టుకుంటే తలలు, పేగులు తడిచెత్తలో అప్పుడే వెళ్లిపోతాయి, బకెట్లో మధ్యాహ్నం దాకా మగ్గవు. కొనేవాళ్లు ఇంట్లోంచి స్టీలు గిన్నె తెచ్చుకుని కిందికి దిగుతారు. కడిగే పని ఊరికే వాచ్‌మన్ భార్య నెత్తిన పెట్టకండి. కొనే ఇళ్లన్నీ నెలకు కొంత వేసుకుని ఆవిడకు విడిగా ఇవ్వండి. ఈ చివరి మాట మర్చిపోతే మీ ఏర్పాటు మొత్తం మరో ఆడమనిషి వెట్టి మీద నడుస్తుంది.

దొంగతనాల భయం అంటారు. ఆ భయానికీ విరుగుడు వాళ్ల దగ్గరే ఉంది. డెలివరీ కుర్రాళ్లు లోపలికి వచ్చేది గేటు యాప్ పుణ్యమా అని. అలాంటి యాప్‌లలో రోజూ వచ్చే పనివాళ్లు, పాలవాళ్లు, పేపరు వాళ్ల పేర్లు చేర్చుకునే చోటు ఉంటుంది. చేపలావిడ ఫొటో, ఫోన్ నంబరు అందులో చేర్చమనండి. రోజుకో కొత్త కుర్రాడు, హెల్మెట్ కూడా తియ్యకుండా అయిదో అంతస్తుకు వెళ్తున్నాడు. ఏళ్ల తరబడి ముఖం తెలిసిన మనిషి ప్రమాదం ఎలా అయిందో నాకైతే బోధపడలేదు.

చేపల విషయంలో ఇంత బేరమాడమని చెప్పినదాన్ని, లిఫ్టు విషయంలో బేరమే వద్దంటాను. యాభై ఏళ్ల మనిషి అయిదో అంతస్తులో గిన్నెలు తోమి, దిగి రెండో అంతస్తులో ఇల్లు తుడిచి, మళ్లీ నాలుగుకెక్కి బట్టలు ఉతకాలి. మోకాళ్లు ఎవరివైనా మోకాళ్లే. కరెంటు బిల్లు అంటారు, లిఫ్టు పాడవుతుంది అంటారు. పెంపుడు కుక్క అందులోనే దిగుతుంది, గ్యాస్ బండ అందులోనే ఎక్కుతుంది. మధ్యేమార్గం అంటూ "రద్దీ టైములో మాత్రం వాడొద్దు" అన్న ప్రతిపాదన వస్తుంది చూడండి, దానికీ తలూపకండి. రద్దీ నిజమైతే ఆ నియమం ఓనర్ల పిల్లలకూ పెట్టాలి. ఇక్కడ మీకో కిటుకు చెబుతాను: మూడు రూల్స్‌నీ ఒకే కట్టగా ఓటుకు పెట్టనివ్వకండి. విడివిడిగా చర్చించాలి, విడివిడిగా ఓటెయ్యాలి అని ముందే రాసి అడిగించండి. చేపల మీద కోపంతో బొటనవేలు పెట్టినవాళ్లలో సగంమంది లిఫ్టు దగ్గరకొచ్చేసరికి నీళ్లు నములుతారు. ఎందుకంటే అప్పుడు వాళ్ల ఇంట్లో పనిచేసే మనిషి ముఖం గుర్తొస్తుంది, రేపు ఆవిడ మానేస్తే అన్న భయమూ వస్తుంది. భయమైనా సరే, పనికొస్తుంది.

మూడోది, రేటు కట్టడి. మీ ఇంట్లో పనికి మీరెంత ఇస్తారన్నది మీకూ ఆవిడకూ మధ్య సంగతి. ఉమ్మడి మెట్లూ కాదు, ఉమ్మడి కుళాయీ కాదు. అసోసియేషన్ దాన్ని ముట్టుకోవడానికి లేదు. మీ నలభై ఫ్లాట్లలో స్టీలు ప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో రిటైరైనవాళ్లు నలుగురైదుగురైనా ఉండకపోరు. యూనియన్ల వల్ల జీతాలు పెరిగి, బోనసులు వచ్చి, వాటితోనే ఫ్లాట్లు కొనుక్కున్న ఊరు మనది. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం రోడ్డెక్కిన ఊరు, 2021లో దాన్ని అమ్మొద్దని కూర్మన్నపాలెం దగ్గర శిబిరం వేసి కూర్చున్న ఊరు. ఇక్కడ ఇళ్ల యజమానులు యూనియన్ కట్టి పనమ్మాయి జీతం పెరగకుండా చూడ్డమేమిటి? ఈ మాట మీరు అంటే కుర్రతనం అంటారు. వాళ్లలో ఒకరు అంటే వింటారు. అలాంటి పెద్దాయన ఒకర్ని మీటింగుకు ముందు కాఫీకి పిలవండి.

మీరు మీ పనమ్మాయికి ఎంతిస్తున్నారో రాయలేదు. నేను అడగను గానీ మీరు లెక్క చూసుకోండి. ఏటా పెంచుతున్నారా, నెలకు నాలుగు సెలవులైనా మొహం చిట్లించకుండా ఇస్తున్నారా, వేసవి సెలవులకు మీరు ఊరెళ్లినప్పుడు ఆ నెల జీతం కోస్తున్నారా? ఆర్గానిక్ వంకాయల మీద పెట్టే అదనపు డబ్బు ఎక్కడికి వెళ్తే ఎక్కువ మేలో ఈ లెక్కలో తేలిపోతుంది.

అద్దెకున్నవాళ్లం అన్న మీవారి భయం గురించి. ఆయనది పిరికితనం అనుకోకండి. మనవైపు ఇళ్ల అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలవి. నెలనెలా సాగే అద్దెకు, అగ్రిమెంటులో వేరే షరతేమీ లేకపోతే, చట్టప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. మీ అగ్రిమెంటు తీసి నోటీసు గడువెంతో, ఎప్పుడు ముగుస్తుందో ఇద్దరూ కూర్చుని చదవండి. మీటింగు నాటికి రెన్యువల్ దగ్గర పడుతుంటే ఆ పని ముందు ముగించుకోండి. ధైర్యం చెయ్యడానికి కూడా ఓ వేళ ఉంటుంది.

ఓటు లేదు కాబట్టి మాట కూడా లేదనుకోకండి. మెయింటెనెన్స్ కట్టేది మీరు, ఆ వాచ్‌మన్ జీతంలో మీ వాటా ఉంది. జనరల్ బాడీలో సాధారణంగా ఓనర్లకే ఓటుంటుంది, కొన్ని బైలాల్లో ఓనరు రాసిస్తే అద్దెవాళ్లు కూర్చుని మాట్లాడొచ్చు. అందుకే మీ మొదటి మాట ఓనరుతో జరగాలి. ఆయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే మరీ మంచిది, గ్రూపులో గొడవలు ఆయనకు పట్టవు. ఆయనకు న్యాయాన్యాయాలు చెప్పకండి, తనకు పనికొచ్చేది చెప్పండి: పనివాళ్లు దొరకని బిల్డింగు అని పేరుపడితే తర్వాత అద్దెకొచ్చేవాళ్లు వెనకాడతారు, రేటు కట్టడి చేసి లిఫ్టు మూసేస్తే పనివాళ్లు పక్క అపార్ట్‌మెంటుకు పోతారు. అది నిజం కూడా.

తర్వాత, ఒక్కరే వెళ్లకండి. ఆ చేపలావిడ మీ ఒక్కరి కోసమే జాలారిపేట నుంచి మధురవాడ దాకా రాదు. కొనే ఇళ్లు ఇంకో ఎనిమిదో పదో ఉంటాయి, ఏ ఇల్లు ఏ రోజు ఏం కొంటుందో ఆవిడకు నోటికి తెలుసు, అడగండి. వాళ్లలో చాలామంది బొటనవేలు పెట్టేసి ఉంటారు. దెప్పకండి. గ్రూపులో అందరి ముందూ వద్దనడం కష్టం, గుమ్మం దగ్గర మాట్లాడితే వేరేగా ఉంటారు. వాళ్లలో ఫ్లాటు ఓనర్లు ముగ్గురు కలిసి సంతకం పెడితే ఎజెండాలో పెట్టకుండా తప్పించుకోవడం కష్టమవుతుంది. కాగితం మీద మొదటి పేరు వాళ్లది ఉండాలి, మీది చివర ఉన్నా నష్టం లేదు. అసలు లేకపోయినా నష్టం లేదు. మీకు కావలసింది బండ, కుళాయి, గంటన్నర టైము. పేరు కాదు కదా.

నటనా అని అడిగారు. కాదు. అయితే ఆర్గానిక్ సంచి చేతిలో ఉందని ఎక్కువ మార్కులూ వెయ్యను. ఆ షాపులో ఎప్పుడైనా "ఇది ఏ ఊళ్లో, ఎవరు పండించారు" అని అడగండి. జవాబు చెప్పగలిగితే కొనండి. ప్యాకెట్ మీద సేంద్రియ సరుకుకు వేసే జైవిక్ భారత్ గుర్తో, పీజీఎస్ గుర్తో ఉంటే అదీ ఒక ఆధారం. ఏదీ లేకపోతే మీరు రెట్టింపు ఇస్తున్నది ఆకుపచ్చ బోర్డుకు. వారానికోసారి ఎంవీపీ కాలనీ రైతు బజారుకో, సీతమ్మధార రైతు బజారుకో వెళ్లగలిగితే ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి వచ్చిన రైతు చేతికే డబ్బు వెళ్తుంది. 1999లో వీటిని మొదలుపెట్టిందే దళారీ లేకుండా అమ్ముకోవడానికి. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరంలో మోసపోయే బెంగ కూడా ఉండదు. ప్రకృతి వ్యవసాయం చేసే రైతు అక్కడే తగిలితే ఎప్పుడూ ఆయన దగ్గరే కొనండి. తేనె, చింతపండు, కుంకుడుకాయ, మిరియాలు, అరకు కాఫీ లాంటివి గిరిజన సహకార సంస్థ దుకాణంలో దొరుకుతాయి. 1956లో పెట్టిన సంస్థ, ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది. సీసా అందంగా ఉండదు. సరుకు బాగుంటుంది.

యాప్ పూర్తిగా మానెయ్యమని చెప్పను, స్కూలు నుంచి వచ్చి వంట చేసే మనిషికి ఆ సలహా ఇవ్వడం ఇంకొకరి నడుము మీద నీతులు చెప్పడమే. కొత్తిమీర కట్ట కోసం ఒక కుర్రాణ్ణి హైవే మీద పరిగెత్తించడం మాత్రం మానండి. కావలసినవి రాసుకుని ఒకేసారి తెప్పించుకోండి. ఇలాంటి కార్మికుల ప్రస్తావన కేంద్ర చట్టంలోకి వచ్చిందే 2020 సామాజిక భద్రతా కోడ్‌తో, అది అమల్లోకి వచ్చింది 2025 నవంబరులో. అంటే ఆ కుర్రాడి బతుకు కూడా చేపలావిడ బతుకు కంటే పెద్ద భద్రంగా ఏం లేదు. మీ వాళ్లు రేపు "సరే, సమానంగా చూద్దాం, డెలివరీ వాళ్లను కూడా ఆపేద్దాం" అంటే అదేదో గెలుపనుకుని ఒప్పుకోకండి.

చేపల విషయంలో మీరు మార్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నల్ల కవరు అడక్కండి. 120 మైక్రాన్ల కంటే పల్చని క్యారీ బ్యాగులు 2022 చివరి నుంచి నిషేధం, తనిఖీ వస్తే జరిమానా పడేది ఆవిడకే, మీకు కాదు. ఎప్పుడూ వంజరం, చందువే అని పట్టుబట్టకండి. ఆ రోజు వలలో పడ్డ కవళ్లో, నెత్తళ్లో తీసుకుంటే మీకు చవక, ఆవిడ తట్ట ఖాళీ అవుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో పెద్ద చేప కావాలని వేధించకుండా, ఆవిడ ఎండుచేపలు తెస్తే ఎండుచేపలు కొనండి. ఆ రెండు నెలలు ఎవరూ పలకరించకపోతే మూడో నెల ఆవిడ మీ వీధి వైపు రాదు.

తీర్మానం మాటలు ఇలా ఉంటే బాగుంటుందనుకుంటాను, మీ బిల్డింగుకు తగ్గట్టు మార్చుకోండి: "మెట్లు, లిఫ్టు శుభ్రంగా ఉంచడం కోసం చేపలు, కూరగాయల అమ్మకం పార్కింగు వెనక కుళాయి దగ్గర మాత్రమే, నిర్ణయించిన రోజుల్లో ఉదయం గంటన్నరపాటు జరుగుతుంది. అమ్మేవారి ఫొటో, ఫోన్ నంబరు గేటు వద్ద నమోదు చేస్తారు. శుభ్రపరిచే ఖర్చు కొనుగోలుదార్లు భరిస్తారు. మూడు నెలల తర్వాత సమీక్షిస్తారు." ఆ మూడు నెలల మాట తప్పకుండా పెట్టండి. ఎప్పటికీ అంటే భయపడేవాళ్లు మూడు నెలలకైతే ఒప్పుకుంటారు, గొడవ లేకుండా గడిస్తే తర్వాత ఎవరూ దాని ఊసెత్తరు.

ఓడిపోవచ్చు కూడా. చేపల దగ్గర ఓడితే వీధి చివర నీడ ఉన్నచోట ఆవిడను ఆగమనండి, పది ఇళ్ల వాళ్లూ అక్కడికే గిన్నెలతో వెళ్లండి, ఏమీ మునిగిపోదు. లిఫ్టు దగ్గర ఓడితే వదలకండి. మీ పనమ్మాయి వచ్చే టైముకు కిందికి దిగి, ఆవిడతో కలిసి లిఫ్టెక్కండి. ఎవరైనా అడిగితే ఇద్దరూ కలిసి వెళ్తున్నామని చెప్పండి. అప్పుడు కూడా వాచ్‌మన్‌ను మధ్యలోకి లాగకుండా చూసుకోండి.

మీటింగు నోటీసు వెళ్లకముందే ఎజెండా కాగితం చేరాలి కాబట్టి టైము తక్కువుంది. ఈ ఆదివారం ఓనరుకు ఫోన్ చెయ్యండి. గ్రూపులో ఏదైనా రాయాలనిపిస్తే ఆ ఫోన్ అయ్యేదాకా ఆగండి.